మూడు నిమ్మకాయల దూరం

బాపూ,

దసరా కదా, నీ ఆటోకి ఈసారీ పూజ చేశాం. నువ్వు పోయాక దాన్ని నడిపింది తమ్ముడే. ఇప్పుడు నడపడం లేదు. మేడ్చల్ రోడ్డు మీద పోలీసులు ఆపి, నోట్లో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. ముందురోజు దోస్తులతో తాగిన గంజాయి బయటపడింది. ఇదివరకైతే జరిమానాతో వదిలేవాళ్లేమో. ఇప్పుడు గట్టిగా పట్టుకుంటున్నారు, లైసెన్సే ఆపేశారు. నువ్వుంటే చెంప పగలగొట్టేవాడివి. నేను తిడుతూనే అన్నం పెడుతున్నాను.

జీడిమెట్లలో కంపెనీ వ్యాన్ పనికి వెళ్తే అక్కడా లైసెన్సే అడిగారు. బండి నడపడం తప్ప వాడికి వేరే పని రాదు. రోజూ పొద్దున వాకిట్లోనే ఆటో స్టార్ట్ చేసి, కాసేపు కూర్చుని, ఆపి దిగుతాడు. శామీర్‌పేటకి రమ్మని పాత గిరాకీ ఎవరైనా ఫోన్ చేస్తే, ఊళ్లో లేడని నాతో చెప్పిస్తాడు.

పూజ అయ్యాక మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టాను. గేటుకి గొళ్లెం పెట్టి, దాని ముందే నిలబడ్డాను.

"గేటెందుకు ఏసినవక్కా? నేనేమన్న దొంగనా?"

"ఉత్తగనే. కాయలు తొక్కిచ్చి దిగు."

కాయలు చితికాయి. ఆటో మూరెడు ముందుకొచ్చి ఆగింది. వాడు ఇంజిన్ ఆపలేదు, దిగలేదు. హ్యాండిల్ పట్టుకుని నా వెనక గేటునే చూస్తున్నాడు.

"ఇంకొకటి పెట్టక్కా" అన్నాడు.

పులిహోరకని దాచిన కాయ తెచ్చి ముందు చక్రం కింద పెట్టాను బాపూ. గేటు మాత్రం తీయలేదు.