మీ గుట్ట గడ్డి

చెల్లెలు రెడ్డెమ్మకు,

గడ్డి గింజ రాలేదాకా గుట్ట మీదికి పశువుల్ని తోలకూడదని మీ ఊరిని ఒప్పించింది నువ్వేనట. చూడ్డానికి మదనపల్లె నుంచి ఆఫీసర్లు వచ్చారట. మీ బావది రోజూ అదే పాట. "మీ చెల్లెలి ఊర్లో గడ్డి మోకాలెత్తు ఉండాది. మన గుట్ట యాల బోడిగా ఉండాది?" నాకు అన్నం సహించడం లేదు.

వేసవిలో మా ఆవును మీ దగ్గర మేపుకున్నాం కదా. తిరిగొచ్చాక అది మా గుట్ట మీద పేడ వేసిన చోటల్లా వానకు మీ గడ్డే మొలిచింది. చుట్టూ ముళ్లకంప వేశాను.

"యాడిదమ్మా ఈ గడ్డి?" అని ఊళ్లోవాళ్లు అడిగితే నేనే చల్లానన్నాను. ఇప్పుడు వాళ్లూ పశువుల్ని తోలకుండా నా మాట వింటున్నారు. నువ్వు వచ్చినప్పుడు మాత్రం ఆ గడ్డిని గుర్తుపట్టకు.

మీ అక్క