కొండ రాళ్ల మీద సుద్ద గీతలు

అమ్మాయీ,

మేమిద్దరం కులాసా. నా మోకాళ్లు నువ్వు భయపడినంత మొరాయించలేదు. మూడు రోజులు సముద్రం ఒడ్డమ్మట నడిచి, నిన్న కొండెక్కాం. చెయ్యి వణుకుతోందని ఏడాదిగా కత్తెర ముట్టకపోయినా, మీ నాన్నకి జేబులో బట్టల మీద గీసే సుద్ద లేనిదే తోచదు కదా! దారి తప్పకూడదని మలుపు మలుపునా రాళ్ల మీద బాణాలు గీశారు. "మనకి దిగేటప్పుడేగా కావాలి" అంటూ అన్నీ కిందికే చూపించారు. మా వెనకాల వస్తున్న నలుగురు అవి చూసి, పైన దారి మూసేశారనుకుని వెనక్కి తిరిగారట. మేం దిగేసరికి టీకొట్టు దగ్గర కూర్చున్నారు. "ఆ గీతలు గీసిన మహానుభావుడు నాకు దొరకాలి" అని ఒకావిడ పళ్లు నూరుతోంది. మీ నాన్న తెల్లటి వేళ్లు జేబులో దాచుకుని, "ఎవడో బుద్ధిలేనివాడమ్మా" అన్నారు. నవ్వు ఆపుకోలేక నాకు టీ పొలమారింది.

పాలు వద్దని చెప్పావా? మొక్కలకి నీళ్లు పొయ్యి. నా పాత కళ్లజోడు గూట్లో ఉందేమో చూడు.

ఇంకెవరూ మోసపోకుండా ఇవాళ పొద్దున్నే మళ్లీ వెళ్లి ఆ బాణాలన్నీ తడిగుడ్డతో తుడిచాం. అప్పుడు దగ్గర్నించి చూశాను. ఒక్క గీత కూడా వంకరపోలేదు.

నీకూ అల్లుడికీ మా దీవెనలు. నాన్న పెద్ద కత్తెర ఎవరికో ఇచ్చేస్తానన్నావు, ఇవ్వకు. సాన పట్టించి ఉంచు.

అమ్మ