నల్ల డిస్కులో అమ్మమ్మ పాటలు

యుస్నియెల్ అన్నయ్యా,

నిన్న ఇంట్లో నువ్వు, నేను, తాతయ్య, వారం వారం సీరియళ్లు తెచ్చి కాపీ చేసే ఓస్మెల్ ఉన్నాం. చోటు చాలడం లేదని నల్ల హార్డ్ డిస్కు మొత్తం అతనితో చెరిపించావు. చనిపోయిన అమ్మమ్మ పాడిన పాటలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. కొత్త సీరియళ్లు ఎక్కించేలోపే కరెంటు పోయింది.

కరెంటు వచ్చినా ఆ డిస్కును కంప్యూటర్‌కు తగిలించకు. పైన కొత్తవి పడకపోతే బయామో పట్నంలో ఎవరైనా పాటలు తిరిగి తీయగలరేమోనని ఓస్మెల్ అన్నాడు. బడినుంచి రాగానే అతనికి ఇచ్చి పంపుతాను.

నిన్న ఇదే చెప్పబోతే, "పోవే ఏడుపుమొహమా, సీరియల్ నువ్వు మాత్రం చూడవా?" అని నా మొహం మీదే తలుపేశావు.

యానెలిస్

తాతయ్యకు చెప్పకు. కరెంటు లేకే అమ్మమ్మ పాడటం లేదనుకుంటున్నాడు.