మను చేసిన బతుకమ్మనే పంపుండ్రి

మను లేచినంక ఇడ్లీ పెట్టుండ్రి. నేను మా అమ్మను కంటి ఆసుపత్రికి తీస్కపోతున్న, పాపను మీరే బడిల దింపాలె.

ఇయ్యాల పోటీకి మీరు చేసిన చమ్కీ కాగితం బతుకమ్మను మాత్రం పంపకుండ్రి. అది బతుకమ్మ లెక్క లేదు, పత్తర్‌గట్టిల పెండ్లి దుకాణం లెక్కున్నది. మూడో తరగతి పిల్ల చేసిందంటె ఎవరు నమ్ముతరు? తంగేడు పువ్వు మొఖమే ఎరుగని ఆ టీచరమ్మ నమ్ముతదేమో. కాగితంతోని బతుకమ్మ చెయ్యి, సొంతంగ పాట కట్టు అని పిల్లలకు చెప్పి, బహుమతులు తండ్రుల పనితనానికి ఇచ్చే బడి అది.

పాప చేసింది బీరువ మీదున్నది. వంకరున్నది, బంక కారింది. అదే పంపుండ్రి.

పాట గూడ దానిదే. మీరు దిద్ది "నిఖిలలోకజనని" అని రాస్తిరి. అర్థమేంది నాన్నా అంటె మీకే చెప్పరాలే. పాప రాసుకున్నది ఇది:

మా అమ్మకు అన్నిటికి భయమే ఉయ్యాలో
మేడ మీదికి నన్ను పోనియ్యదు ఉయ్యాలో

ఇంటి పరువు పోతదంటిరి. పోతే నా పరువు పోతది, మీకేం ఫికర్? క్లాసంత నవ్వుతదని, టీచరమ్మ నన్ను పిలిపిస్తదని నాకూ గుబులే. కానీ "అవి నావి గావు, నేను బడికి పోను" అని పిల్ల రాత్రి అన్నం తినకుంట పండుకున్నది. అదే పాడమనుండ్రి.

మెట్ల మీద బతుకమ్మను మీరు పట్టుకోండ్రి. రెండు చేతులు నిండితె పిల్ల గోడ పట్టుకోదు, పడ్తది.