కొత్త చైను

గోపి బావకి,

ఈ పార్సిల్లో కొత్త సైకిల్ చైను చూసి నవ్వకు. నా మొదటి ఎండ్యూరో సైకిల్ రేసులో కొండ దిగుతూ నేను పడిపోతే, వెనక వస్తున్న నువ్వు ఆగి లేపావు. దిగేటప్పుడే టైం లెక్కపెడతారని తెలిసీ ఆగావు, గెలవాల్సిన రేసు పోగొట్టుకున్నావు. నేను పడ్డానంటే మళ్ళీ పంపరని, ఎందుకు ఓడిపోయావని అడిగితే నీ చైనే తెగిందని మా ఇంట్లో చెప్పావు. నీ మేలు మరిచిపోలేను బావా.

మోకాలి దెబ్బ కనపడనీయకుండా తిరుగుతున్నాను కదా, నాన్న నమ్మేశాడనే అనుకున్నాను. నిన్న శ్రీకాకుళం వెళ్ళి ఈ చైను కొనుక్కొచ్చాడు. "మీ బావకి పంపు. సైను తెగిపోనాదన్నాడు గదా," అన్నాడు. తర్వాత సంచిలోంచి మోకాళ్ళకు కట్టుకునే గార్డులు తీసి నా చేతిలో పెట్టాడు.

"కుడిది కాస్త ఒదులుగా కట్టుకో అమ్మా. దెబ్బ ఇంకా మానలేదు గదా."

నీ మరదలు