శనివారాలు మానేస్తున్నాను

మంగళవారం. పొద్దుటి నుంచి వాన. కిటికీ బయట వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చాను.

సుభద్రా, నా పేగు ఆపరేషన్ రెండు వారాలు వాయిదా పడింది. ఆపరేషన్ తర్వాత ఎంత ప్రమాదముందో డాక్టరమ్మ కంప్యూటర్‌లో లెక్క చూసింది. బరువు తగ్గారా అంటే లేదన్నాను. నువ్వు పోయిన దగ్గర్నుంచి నీ పేరున శనివారాలు ఉపవాసముంటున్నానని, చొక్కాలన్నీ వదులయ్యాయని మన అమ్మాయి చెప్పేసింది.

"అంకుల్, నో ఫాస్టింగ్ లా! ఈట్ ఫస్ట్, దెన్ ఆపరేషన్," అంది డాక్టరమ్మ, ఇక్కడివాళ్ల యాసలో మాట చివర 'లా' తగిలిస్తూ. బలం పుంజుకుంటే ప్రమాదం తగ్గుతుందట.

"అమ్మ ఉంటే నీకు చీవాట్లు పెట్టేది నాన్నా," అంది అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు పరుగెడుతూ.

ఉపవాసం నీకోసం మొదలుపెట్టాను. మానేస్తున్నానని నీకే చెప్పాలి కదా. ఇంకొన్నాళ్లు బతికి ఉండాలనుంది. పప్పు ఉడికింది, పొయ్యి ఆపి అన్నం తింటాను.