కప్పతల్లి మీద పోసిన నీళ్ళు

ఎల్లారెడ్డి

అక్క గంగవ్వకు తమ్ముడు సాయిలు దండాలు పెట్టి రాస్తున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని అనుకుంటున్నాను. బావ దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. మోకాలు నొప్పి పాతదే. నా గురించి రంది పెట్టుకోవద్దు.

మన డోంగ్లి దిక్కు వాన పడిందా? ఇక్కడ ఎల్లారెడ్డి దిక్కు లేదు. మొగులు కమ్ముకొని వస్తుంది, వట్టిగా పోతుంది. మక్క చేన్లు ఎండిపోయాయి.

నా పని ఏమిటో నీకు సరిగా చెప్పనే లేదు. ఊరి బయట కంచె లోపల, ఇనుప గుంజ మీద వాన కొలిచే డబ్బా ఉంది. అది తనంతట తానే కొలిచి లెక్క పైకి పంపుతుంది. పశువులు రాకుండా చూడడం, సోలార్ పలక మీద దుమ్ము తుడవడం, అంతే నా పని. పగలంతా మాట్లాడే మనిషి ఉండడు. మన సరిహద్దు ఊళ్ళో వినే మరాఠీ మాట చెవిన పడి ఎన్నాళ్ళయిందో. జొన్నరొట్టె కూడా లేదు. పక్కింటి లచ్చవ్వ పూటకింత అన్నం పెడుతుంది. బీడీలు చుట్టి, ఒక్క బర్రెను సాకి బతికే మనిషి. మద్నూర్ అంగట్లో నీకు కలిసే సుజాత ఆమె బిడ్డనే.

మొన్న వాన కోసం ఆడవాళ్ళు కప్పతల్లి ఆడారు. రోకలికి వేపకొమ్మలు చుట్టి, నడుమ కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగి దాని మీద నీళ్ళు పోయించారు. చివరికి కంచె దగ్గరికి వచ్చారు.

“గా డబ్బ మొగులుతోని మాట్లాడ్తదట గదనే,” అన్నది లచ్చవ్వ. “దాని మీద పోస్తే దేవునికి జల్ది ఎరుకైతది. సాయిలూ, గేటు తియ్యి.”

“సారు తిడ్తడేమో వదినె.”

“సారుకు వాన వద్దా ఏంది?”

అందరూ నవ్వారు. ఆడవాళ్ళకు నేను ఎదురు చెప్పగలనా? తీశాను. రోకలిని డబ్బా మీద పట్టుకొని బిందెలు కుమ్మరించారు.

తర్వాత ఊరంతా సర్కారును పశువులకు గడ్డి అడిగింది. కామారెడ్డి నుంచి సారు వచ్చి ఫోన్లో రంగుల పటం చూపించాడు. చుట్టూ ఎరుపు, ఈ ఊరి మీద మాత్రం పచ్చ.

“ఈడ వాన పడ్డది గదా తాతా. గడ్డి ఎట్లిస్తరు?”

“పడలేదు సారూ.”

“ఉపగ్రహం మొగులును చూసింది. కింద డబ్బ నీళ్ళను చూసింది. రెండు కలిపి కంప్యూటర్ల లెక్క కట్టిండ్రు.”

అప్పుడు కప్పతల్లి సంగతి చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు. సారు మొదట పగలబడి నవ్వాడు. తర్వాత తల పట్టుకున్నాడు.

“మా దగ్గర ఆ లెక్క కొట్టేస్తం. కని గీ అంకెలు అందరికి పంచినం తాతా. బయటి దేశాలోళ్ళు గూడ తీసుకొని ముందటి వాన లెక్క గడ్తరు. వాళ్ళంత ఎప్పుడు దిద్దుకుంటరో, కొత్త పటం ఎప్పుడొస్తదో నా చేతుల లేదు.”

పటం మారేదాకా లచ్చవ్వ బర్రె ఆగలేదు. చూడి బర్రె అక్కా. లచ్చవ్వ కొట్టం కప్పు మీది గడ్డి పీకి దానికి పెట్టింది. వేపాకు కూడా పెట్టి చూసింది. పడుకున్న బర్రె మళ్ళీ లేవలేదు. గడ్డి లారీ వచ్చిన రోజు ఊరంతా ఉరికింది. లచ్చవ్వ గడప దాటలేదు.

సాయంత్రం నాకు అన్నం తెచ్చి అడిగింది. “నేను పోయించిన నీళ్ళకే గడ్డి ఆగిందంటున్నరు. నిజమేనా సాయిలూ?”

“కాదు వదినె. లారీలు దొరకలేదట.”

 గిన్నె పెట్టి పోయింది.

అక్కా, సుజాతను అడిగి తెలుసుకోవాలని చూస్తుంది లచ్చవ్వ. నేను నీకు అన్నీ రాస్తానని సుజాతకు తెలుసు, నిన్నే అడుగుతుంది. లారీలు దొరకలేదనే చెప్పు. నీకు అబద్ధం అలవాటు లేదని తెలుసు. ఈ ఒక్కటి చెప్పు.

వీలైతే ఎవరి చేతనైనా కొంచెం జొన్నపిండి పంపు. బావకు దండాలు, పిల్లలకు దీవెనలు. నేను బాగానే ఉన్నాను.

నీ తమ్ముడు
సాయిలు